లైట్‌రూమ్ 6తోనే లాగించాలా, మారాలా? పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు చెప్పండి

తెనాలి క్లిక్స్:
అందరికీ నమస్తే. 2015లో డబ్బులు పెట్టి కొన్న అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 6, అంతకుముందే తీసుకున్న ఫొటోషాప్ సీఎస్6, ఈ రెండింటితోనే ఇన్నాళ్లూ బండి నడిచింది. పోయిన నెల కెనాన్ ఆర్6 మార్క్ 2 కొన్నాను. దాని రా ఫైళ్లు (కెమెరా తీసిన అసలు డేటా) లైట్‌రూమ్‌లోకి ఎక్కడమే లేదు. ఇంకో రెండు వారాల్లో మాఘం ముహూర్తాలు మొదలు, టెన్షన్‌గా ఉంది. మూడు సందేహాలు. చందా కట్టే ప్లాన్‌కి మారక తప్పదా? పదేళ్ల పెళ్లిళ్ల ఎడిట్ల లెక్కంతా ఉన్న పాత క్యాటలాగ్ ఏమవుతుంది? నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, కొత్త వెర్షన్ లాగుతుందా? మూడోదే నాకు ముఖ్యం. కెమెరా అప్పే ఇంకా తీరలేదు.

నైట్ ఎడిటర్:
లైట్‌రూమ్ 6కి ఆఖరి అప్‌డేట్ 6.14, అది 2017 డిసెంబరులో వచ్చింది. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన కెమెరాల రా అది గుర్తుపట్టదు. నీ ఫైలు సీఆర్3, అంటే కెనాన్ కొత్త రా. కంగారు పడకు, దాన్ని డీఎన్‌జీ అనే అడోబీ రా ఫైలుగా మార్చే అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితమే. కార్డు కాపీ చేశాక ఫోల్డర్ మొత్తం దానికి అప్పగించి వెళ్లి టీ తాగి రా. ఆ డీఎన్‌జీలు 6లో తెరుచుకుంటాయి. నేను రెండు సీజన్లు అలాగే నెట్టుకొచ్చాను.
ఒక్క మాట. అసలు సీఆర్3లు మాత్రం చెరపొద్దు. హార్డ్ డిస్క్‌లో చోటు లేదని నేను చెరిపేశాను. తర్వాత ఒక పెళ్లికి కెనాన్ రంగులే కావాలనిపించి వాళ్ల సాఫ్ట్‌వేర్ డీపీపీలో తెరవబోతే, అది డీఎన్‌జీ తీసుకోదు. నా తెలివితక్కువతనం.

ఫిల్ము కాలం మనిషి:
1991 నుంచి కెమెరా పడుతున్నాను. ఎర్రబల్బు కింద హైపో వాసన పీలుస్తూ ప్రింట్లు తీసినవాణ్ణి. నాలుగైదు రోల్స్‌తో పెళ్లి మొత్తం ముగించేవాళ్లం, ఒక్క ఫ్రేమ్ వృథా అయ్యేది కాదు. ఎక్స్‌పోజర్ సరిగ్గా పడితే ఏ కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. నాది ఇప్పటికీ ఫొటోషాప్ 7. లెవెల్స్, కర్వ్స్, అంతే. మీ తరానికి కెమెరా చేతికి రాకముందే స్లైడర్లు అలవాటయ్యాయి.

తలంబ్రాలు:
గురువుగారూ, మీకో దణ్ణం. మా ఊరి ఫంక్షన్ హాలుకి ఒక్కసారి రండి. స్టేజీ మీద ఊదా ఎల్ఈడీ, పక్కన వీడియో ఆయన తెల్ల లైటు, పైన పసుపు బల్బులు. జీలకర్ర బెల్లం టైముకి చుట్టాలంతా ఫోన్లు పట్టుకుని అడ్డం. ఐఎస్ఓ 12800 పెట్టి చేయి సందులోంచి తీశాను ఆ ఫ్రేమ్. 2023 ఏప్రిల్లో కొత్త లైట్‌రూమ్ క్లాసిక్ 12.3 వెర్షన్‌తో ఫొటోలో గింజ తీసే ఏఐ డీనాయిస్ వచ్చింది. దానితో శుభ్రం చేస్తే 12x36 ఆల్బమ్ షీటు నిండా వేసినా గింజ కనపడలేదు. నేను మారింది దాని కోసమే. మనిషిని, ఆకాశాన్ని అదే విడిగా పట్టే సబ్జెక్ట్ మాస్క్, స్కై మాస్క్ 2021 నుంచే ఉన్నాయి. పెళ్లికూతురి మొహం మీద పడిన ఊదా రంగు ఒక్కటే విడిగా తగ్గించడం పాత 6లో బ్రష్ పట్టుకుని గంట పని.

ఫిల్ము కాలం మనిషి:
ఫ్లాష్ అని ఒకటుంటుంది నాయనా.

తలంబ్రాలు:
ఫ్లాష్ కొడితే పంతులుగారు నా వైపు ఎలా చూస్తారో మీకు తెలియదు.

కరిష్మా షీటు:
నేను డీనాయిస్ కోసమూ మారలేదు, మాస్కుల కోసమూ మారలేదు. తెలుగు కోసం మారాను! సీఎస్6లో ఫోన్లో కొట్టే యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోతాయని అందరికీ తెలుసు. ఒకసారి అర్ధరాత్రి హడావిడిలో ఆల్బమ్ కవర్ మీద పెళ్లికూతురి పేరు ఫోన్ నుంచి కాపీ చేసి పెట్టేశాను. ప్రింటయి వచ్చాక చూస్తే చి.ల.సౌ. జ్యోత్స్న కాస్తా ‘జ్‌యోత్‌స్‌న’ అయి కూర్చుంది. నేను చూడలేదు, ల్యాబు వాళ్లు చూడలేదు. పెళ్లికూతురి తల్లి చూసింది. ఆవిడ తెలుగు టీచరు. కవర్ మళ్లీ వేయించాను, నా జేబులోంచి. చందా కట్టే సీసీ వెర్షన్లలో మొదట ప్రిఫరెన్సుల్లో టైపు కింద సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు అదీ అక్కర్లేదు, ఎంత పెద్ద సంయుక్తాక్షరమైనా చక్కగా కూర్చుంటుంది.

ఫిల్ము కాలం మనిషి:
దానికోసం నెలనెలా డబ్బు కడతారా? అను స్క్రిప్ట్ ఫాంట్లు వేసుకుని దాని యాపిల్ కీబోర్డ్ లేఅవుట్‌లో కొట్టు. ఫొటోషాప్ 7లో కూడా ఒక్క వత్తు చెదరదు. ఊళ్లో ప్రతి ఫ్లెక్సీ, ప్రతి శుభలేఖా అలా వచ్చినదే.

మండలి ఫాంటు:
అదే కదా దరిద్రం. అనులో కొట్టింది తెలుగు కాదు సార్, తెలుగులా కనపడే ఇంగ్లిష్ గుర్తులు. ఆ పీఎస్‌డీ, అంటే ఫొటోషాప్ ఫైలు, ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు. పేరు వెతుకుదామంటే దొరకదు. ఎవరైనా వాట్సాప్‌లో పంపిన పేరు మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న, పొన్నాల... ఇన్ని ఉచితంగా ఉన్నాయి. ఇంకా ఎన్నాళ్లు?

ఫిల్ము కాలం మనిషి:
ఆ ఫాంట్లు శుభలేఖ మీద వేస్తే పంచాయతీ నోటీసులా ఉంటుంది. అనులో ఉన్న మెలిక మీ వాటిలో ఉందా?

మండలి ఫాంటు:
రామభద్ర చూశారా ఎప్పుడైనా? చూడకుండా మాట్లాడకండి. 2002 నాటి ఫొటోషాప్ దగ్గర ఆగిపోయి అందరికీ పాఠాలు చెప్పడం ఒకటి.

ఫిల్ము కాలం మనిషి:
నీ వయసు నా లెన్సులకి ఉంది. మర్యాద నేర్చుకో. నువ్వు డీటీపీ వాడివి, ఫొటోగ్రాఫర్‌వి కాదు.

మండలి ఫాంటు:
అవును, డీటీపీయే. మీలాంటివాళ్లు పంపే పీఎస్‌డీలు రోజూ బాగుచేసేది నేనే.

బేరం బాబు:
ఇంత గొడవెందుకు, మా దగ్గర ఒకతను కొత్త వెర్షన్ 500కి వేసిచ్చి వెళ్తాడు. చందా లేదు, తలనొప్పి లేదు.

నైట్ ఎడిటర్:
తలనొప్పి తర్వాత వస్తుంది. అలాంటి ఇన్‌స్టాలరే మా ఫ్రెండ్ తన స్టూడియోలో వేయించాడు. మూడో వారం డెస్క్‌టాప్, దానికి తగిలించి ఉన్న బ్యాకప్ డిస్క్, రెండూ లాక్. ఏ ఫోల్డర్ తెరిచినా డబ్బు కట్టమనే నోటీసే. ఆల్బమ్ అవ్వని పెళ్లిళ్లు నాలుగు. ఒకదానికి కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బతికిపోయాడు. మిగతా మూడు ఇళ్లకి వెళ్లి ఏం చెప్పాడో నేను అడగలేదు.

మోడరేటర్:
క్రాక్ (దొంగ కాపీ) వ్యవహారం ఇంతటితో ఆపండి. లింకు పెడితే ఖాతా పోతుంది. ఫాంట్లకి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

ఉప్పలపాడు కొంగ:
నేను పెళ్లిళ్లు తీయను, పక్షులు తీస్తాను. నాకు రా ఫైళ్లు ఎడిట్ చేసే డార్క్‌టేబుల్ చాలు, పైసా ఖర్చు లేదు. మొదటి నెల ఏడిపిస్తుంది, అది నిజం. గూడబాతుల తెల్ల రెక్కల్లో వివరం పోకుండా ఉంచడానికి దాంట్లో ఉన్న పట్టు వేరే. ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తెల్లారకముందే రండి, తొమ్మిది దాటితే వెలుగు పనికిరాదు.

తలంబ్రాలు:
రెండు వేల ఫొటోలు పది రోజుల్లో ఇవ్వాల్సినవాడికి డార్క్‌టేబుల్ చెప్తారేంటి సార్? మీ గూడబాతు తల్లిదండ్రులు ఫోన్ చేసి ఆల్బమ్ ఎప్పుడని అడగరు.

కరిష్మా షీటు:
అఫినిటీ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ అనలేదే? 2024లో కాన్వా వాళ్లు కొన్నారు, 2025 అక్టోబరు నుంచి ఉచితం. నా పీఎస్‌డీ టెంప్లేట్లు కొన్ని తెరిచి చూశాను. ఫొటోలు, మాస్కులు బాగానే వచ్చాయి, కొన్ని ఎఫెక్టులు మాత్రం తేడా పడ్డాయి. అయితే అది ఫొటోషాప్‌కి బదులు, లైట్‌రూమ్‌కి కాదు. క్యాటలాగ్ ఉండదు దానిలో.

బేరం బాబు:
ఈరోజు ఉచితం, రేపు?

తెనాలి క్లిక్స్:
అందరికీ థాంక్స్. డీఎన్‌జీ కన్వర్టర్ పనిచేసింది, ఫైళ్లు తెరుచుకున్నాయి. కానీ క్యాటలాగ్ సంగతి? లాప్‌టాప్ సంగతి?

న్యూజెర్సీ వీకెండ్:
క్యాటలాగ్ నాకు అనుభవమే. కొత్త లైట్‌రూమ్ క్లాసిక్ తెరిచాక పాతదాన్ని మార్చమంటావా అని అడుగుతుంది. ఊ అంటే కొత్త కాపీ చేసుకుంటుంది, పాతది అలాగే ఉంటుంది. కానీ కొత్త కాపీని మళ్లీ 6లో తెరవలేవు. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. ఎటూ తేల్చుకోలేక నాలుగు నెలలు రెండింటిలోనూ పని చేశాను. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఎడిట్లు సగం ఇటు, సగం అటు. మారితే ఒక్కసారే మారు.
చందా ఆపితే అన్నీ పోతాయని భయపెడతారు, అది నిజం కాదు. క్లాసిక్‌లో డెవలప్ (ఎడిటింగ్), మ్యాప్ మాడ్యూళ్లు మూసుకుంటాయి. ఫొటోలు చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఇంకొకటి, 20 జీబీ క్లౌడ్ స్టోరేజితో వచ్చే చవక ప్లాన్ 2025 జనవరి నుంచి కొత్తవాళ్లకి ఇవ్వడం లేదు. పాత పోస్టుల్లో ధరలు చూసి లెక్కేసుకోకు.

తలంబ్రాలు:
జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే చందా మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవచ్చు, మీ ఆడిటర్ని అడుగు. లాప్‌టాప్ అంటావా, నా పాత మెషీన్లో కూడా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒక్క ఫొటో డీనాయిస్‌కి పావుగంట. అన్నం తిని వచ్చినా రెండోది అవలేదు. మామూలు ఎడిటింగ్ మెల్లగా నడిచేది.

మండలి ఫాంటు:
గురువుగారూ, గొడవ వద్దు గానీ ఒక్కటి చెప్పండి. ఇప్పుడు మీ స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ చేసేదెవరు? మీరేనా?

ఫిల్ము కాలం మనిషి:
మా అబ్బాయి చేస్తాడు. వాడి కంప్యూటర్లో ఏముందో నాకు తెలియదు.

మండలి ఫాంటు:
🙏

తెనాలి క్లిక్స్:
సరే, తేల్చుకున్నాను. ఈ మాఘం, ఫాల్గుణం రెండూ డీఎన్‌జీతోనే. సీఆర్3లు వేరే డిస్క్‌లో పెడతాను. డబ్బు చేతికొచ్చాక ముందు లాప్‌టాప్, ఆ తర్వాతే చందా, మారినప్పుడు ఒక్కసారే. కవర్ డిజైన్ మాత్రం సీఎస్6లోనే చేస్తాను, మొదటి పెళ్లిలో అమ్మాయి పేరు లత, అబ్బాయి పేరు రమణ. వత్తుల గొడవే లేదు.

కరిష్మా షీటు:
ఇంటిపేర్లు చూసుకున్నావా?