అండాశయ క్యాన్సర్‌లో హాక్స్ జన్యువుల పాత్ర ఏమిటి?

ప్రశ్న: పిండదశలో అవయవాలకు రూపమిచ్చే హాక్స్ జన్యువులు అండాశయ కణితుల్లో మళ్లీ మేల్కొంటాయని చదివాను. కణితి రకాన్ని అవే నిర్ణయిస్తాయా?

జవాబు 1: ఎలుక కణాలపై జరిగిన ప్రయోగాలు అలాగే సూచిస్తున్నాయి. పిండంలోని ముల్లేరియన్ నాళంలో (స్త్రీ జననాంగాలుగా మారే గొట్టం) హాక్స్ఏ9 జన్యువు ఫాలోపియన్ నాళానికి (అండవాహికకు), హాక్స్ఏ10 గర్భాశయానికి, హాక్స్ఏ11 దాని దిగువ భాగానికి గుర్తింపునిస్తాయి. క్యాన్సర్‌గా మారిన అండాశయ ఉపరితల కణాల్లో వీటిని పనిచేయిస్తే వరుసగా సీరస్, ఎండోమెట్రియాయిడ్, మ్యూసినస్ అనే అండాశయ క్యాన్సర్ రకాలను పోలిన కణితులు ఏర్పడ్డాయి.

జవాబు 2: చిన్న సవరణ. హై గ్రేడ్ (వేగంగా పెరిగే) సీరస్ కణితులు చాలావరకు ఫాలోపియన్ నాళపు చివరి కణాల్లోనే మొదలవుతాయని ఇప్పుడు భావిస్తున్నారు కనుక, అక్కడ సహజంగానే ఉండే పాక్స్8 (హాక్స్ కాదు గానీ, ఇదీ పిండదశలో అవయవాలకు రూపమిచ్చే జన్యువే) వంటి జన్యువులు మళ్లీ మేల్కొన్నాయనడం కన్నా ఆరిపోలేదనడమే సబబు. కణితి పుట్టుక తేల్చేందుకు పాథాలజిస్టులు చూసేది కూడా పాక్స్8నే. అది ఉంటే పరీక్షలో స్లైడుపై కణాల కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు: అయితే మూలకారణం ఇవేనా?

జవాబు 2: కాదండి. హై గ్రేడ్ సీరస్ కణితుల్లో దాదాపు అన్నింటిలోనూ కనిపించేది, కణితులను అడ్డుకునే టీపీ53 జన్యువులో ఉత్పరివర్తనం (మార్పు).