డిమాండ్ నోటీసుకు "వివాదం ఉంది" అని జవాబివ్వడం న్యాయమా, బాకీ ఎగవేతా?

రంగుల_యూనిట్ (జీడిమెట్ల)
మాది చిన్న పెయింట్ల కంపెనీ. రంగుల ముడిసరుకైన రెజిన్ సప్లయర్ దివాలా చట్టం 8వ సెక్షన్ కింద డిమాండ్ నోటీసు పంపాడు. 1.12 కోట్లు పది రోజుల్లో కట్టాలి, లేకపోతే కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్తాడట. అందులో 38 లక్షల సరుకు మేం ఒప్పుకోలేదు. డ్రమ్ము మూత తీసి కర్ర గుచ్చితే కర్ర అలాగే నిలబడిపోయింది, లోపలంతా జెల్లు కట్టింది. మా స్టోర్ కీపర్ చలాన్ మీదే "తెరిచినవన్నీ గడ్డకట్టాయి" అని రాసి డ్రైవరు చేత సంతకం పెట్టించాడు. హైకోర్టుకు వెళ్లి నోటీసునే కొట్టేయించవచ్చా? మూడు రోజులుగా ఒకటే టెన్షన్.

ఆటోనగర్_సప్లయర్ (విజయవాడ)
నేను అవతలి వైపు మనిషినండీ. నా సరుకు వాడుకుని, ఏడాది పాటు "రేపు, ఎల్లుండి" అని తిప్పి, నోటీసు అందాక క్వాలిటీ బాగోలేదన్నారు ఒకరు. అంతకుముందు ఒక్క ఉత్తరం లేదు. వివాదం అనే మాట ఎగ్గొట్టేవాళ్లకు గొడుగైపోయింది. మీ 38 లక్షలు పక్కన పెడదాం, మిగతా 74 లక్షలు ఎందుకు ఆపారు?

కంపెనీ_లా_వకీలు (హైదరాబాద్)
నోటీసును రద్దు చేయమని అడిగే దరఖాస్తు ఈ చట్టంలో లేదు. హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే "ట్రిబ్యునల్ ఉంది కదా, అక్కడ చెప్పుకోండి" అనే అంటారు, ఈలోపు పది రోజులూ గడిచిపోతాయి. ఆ శ్రమ జవాబు మీద పెట్టండి.

2017లో మోబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. వివాదం నోటీసు అందకముందే ఉండాలి. అందులో మీరు గెలుస్తారా లేదా అన్నది ట్రిబ్యునల్ తేల్చదు; తాలు ఏదో గింజ ఏదో మాత్రం చూస్తుంది. ఉత్త మాటలైతే సప్లయర్ వేసిన దివాలా పిటిషన్ అడ్మిట్ అవుతుంది, అంటే విచారణకు తీసుకుంటారు. అయిందంటే బోర్డు అధికారాలు ఆగిపోతాయి, కంపెనీ తాళాలు ట్రిబ్యునల్ నియమించే తాత్కాలిక నిర్వాహకుడు (రిజల్యూషన్ ప్రొఫెషనల్) చేతికి వెళ్తాయి.

ట్రిబ్యునల్ మన హైదరాబాద్ బెంచి నుంచే వెళ్లిన కేసు ఇంకొకటుంది, కె. కిషన్ వర్సెస్ విజయ్ నిర్మాణ్. సుమారు 1.71 కోట్ల ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి ఇచ్చిన తీర్పు) పట్టుకుని నోటీసు ఇచ్చారు. ఇక్కడ అడ్మిట్ చేశారు, అప్పీల్లోనూ అదే నిలబడింది. 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది: అవార్డు మీద సవాలు నడుస్తుంటే అది వివాదమే, బాకీ వసూలుకు దివాలా చట్టాన్ని వాడకూడదు అని. నా మట్టుకు నేను ఇదే న్యాయం అంటాను. నడుస్తున్న కంపెనీని ఒక బిల్లు కోసం దివాలాకు లాగితే జీతగాళ్ల గతేంటి?

మెల్‌బోర్న్_అకౌంటెంట్
ఇక్కడ ఆస్ట్రేలియాలో నోటీసునే కోర్టులో సవాలు చేయొచ్చు. కానీ 21 రోజుల్లోపు దరఖాస్తు వేసి, అఫిడవిట్‌తో సహా అవతలివాళ్లకు అందజేయాలి. ఒక్కరోజు దాటినా కోర్టు గడువు పొడిగించలేదు. కట్టకుండా గడువు దాటితే కంపెనీ దివాలా తీసినట్టే లెక్క.

ఆటోనగర్_సప్లయర్
వకీలుగారూ, జీతగాళ్లు మాకూ ఉన్నారు. 2020 మార్చిలో దివాలా పిటిషన్ వేయడానికి ఉండాల్సిన కనీస బాకీని లక్ష నుంచి కోటికి పెంచాక మాలాంటివాళ్లకు ఆ తలుపు దాదాపు మూసేశారు. చిన్న పరిశ్రమల బాకీల తగాదాలు చూసే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కు వెళ్లమంటారు, అక్కడా తిరుగుడే. చలాన్ మీద రాసిన మనిషిని నేను తప్పుపట్టను. కానీ ఆ 74 లక్షల ప్రశ్నకు జవాబు రాలేదు.

రంగుల_యూనిట్
జవాబు చెప్తాను. పాడైన డ్రమ్ములు వెనక్కి తీసుకెళ్లేదాకా మొత్తం పేమెంట్ ఆపుదామన్నది మా నిర్ణయమే, అది తప్పు. వివాదంలో ఉన్న 38 లక్షలు తీసేస్తే బాకీ కోటి లోపే కాబట్టి కేసు నిలవదని మా ఆడిటర్ అంటున్నాడు, కానీ దాన్ని అడ్డం పెట్టుకోను. ఈరోజు 30 లక్షలు ఆర్‌టీజీఎస్ చేశాను, మిగతా 44కి తేదీలు రాసి ఇస్తున్నాను. చలాన్, ల్యాబ్ రిపోర్టు, అప్పట్లో పంపిన రెండు మెయిళ్లు జతచేసి ఏడో రోజునే రిజిస్టర్ పోస్టులో జవాబు పంపుతున్నాం. ఆ డ్రమ్ములు ఇంకా మా షెడ్డులోనే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.