‘బిల్లు పాసైంది’ అంటే ‘చట్టమైంది’ అనొచ్చా?

నల్లగొండ నుంచి అడుగుతున్నా. పేపర్లో ఒకే వార్తకు పైన ‘కొత్త చట్టం’ అని హెడ్డింగు పెడతారు, లోపల చదివితే ‘బిల్లు’ అని ఉంటుంది. 2024 డిసెంబర్‌లో భూమి రికార్డుల గురించిన భూభారతి బిల్లు శాసనసభలో పాసైందని వార్త రాగానే మా పెద్దబాపు ఆ పేపరు ముక్కను చించి, పట్టాదారు పాస్‌బుక్కులో మడిచి పెట్టుకొని పొద్దున్నే మండలాఫీసుకు పోయాడు. “చట్టమొచ్చింది గద సారూ, నా పదిహేను గుంటలు ఎక్కించుండ్రి” అంటే, “ఇంకా రాలేదు పెద్దమనిషీ” అని ఒక్క ముక్కలో పంపించేశారు. ఆయనకు కోపం, నాకు బాధ. ఎవరి మాట తప్పు?

మహబూబ్‌నగర్ నుంచి జవాబు: తమ్మీ, మీ పెద్దబాపుది తప్పు కాదు, ఆ హెడ్డింగు రాసినవాళ్లది. సభలో పెట్టేది బిల్లు. చర్చ జరిగి, సవరణలేమన్నా ఉంటే అవీ అయ్యి, శాసనసభ, మండలి రెండూ ఒప్పుకున్నా అది ఇంకా బిల్లే. గవర్నర్ సంతకం పడ్డాకే దాన్ని చట్టం అనాలి. ఆ తర్వాత కూడా ఏ రోజు నుంచి అమలు అనేది వేరే లెక్క, భూభారతి అమల్లోకి వచ్చింది 2025 ఏప్రిల్ 14న. అంటే పాసైంది, చట్టమైంది, అమల్లోకి వచ్చింది అనేవి మూడు వేర్వేరు మాటలు.

మన రాష్ట్రం సంగతే చూడు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో రాష్ట్ర విభజన బిల్లు పాసైంది. ఆ రాత్రి మా క్లాక్ టవర్ దగ్గర పటాకులు కాల్చి, తెలియనోళ్లను కూడా కౌగిలించుకున్నాం, తెలంగాణ వచ్చేసిందనే అనుకున్నాం. రాష్ట్రపతి సంతకం మాత్రం మార్చి 1న, రాష్ట్రం పుట్టింది జూన్ 2న. ఆ సంబరం తప్పని నేననను, కానీ రాసేటప్పుడు మూడు తేదీలకు మూడు మాటలు వాడాలి.

ఇంకో మాట. లోక్‌సభలో అది మూజువాణి ఓటుతో పాసైంది. చివర ‘వాణి’ ఉందని చాలామంది దీన్ని సంస్కృతం అనుకుంటారు, కాదు. ముహ్ అంటే నోరు, జుబాన్ అంటే నాలుక, ముహ్‌జుబానీ అంటే నోటితో చెప్పింది, మన నోళ్లలో నలిగి మూజువాణి అయింది. మా తాత కాగితం లేని అప్పును ‘జబానీ బాకీ’ అనేవాడు, అదే మాట. స్పీకర్ అడిగితే సభ్యులు అవునని, కాదని అరుస్తారు, ఏది గట్టిగా వినపడితే అదే నెగ్గినట్టు, లెక్కపెట్టాలని ఎవరైనా పట్టుబడితే అప్పుడు ఓట్ల లెక్కింపు. ‘ముసాయిదా’ కూడా ఇట్లాంటిదే, అరబ్బీలో నలుపు అనే మాట నుంచి వచ్చింది, సిరాతో నల్లగా చేసిన కాగితం. ఎంత బాగుందో చూడు, కొట్టివేతలు, దిద్దుబాట్లు అన్నీ ఆ మాటలోనే కనిపిస్తాయి.

నల్లగొండ నుంచి: చాలా థాంక్స్ అన్నా. మరి గవర్నర్ సంతకం పెట్టకపోతే ‘తిరస్కరించారు’ అనొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి: మళ్లీ చూడండని వెనక్కి పంపితే ‘తిప్పి పంపారు’ అనాలి, తిరస్కరించడం వేరు. అట్లా తిప్పి పంపినదాన్ని సభ మళ్లీ ఆమోదించి పంపితే ఇక ఒప్పుకోను అనడానికి లేదు, రాజ్యాంగం 200వ అధికరణలోనే ఉంది. ద్రవ్య బిల్లునైతే తిప్పి పంపడానికే వీల్లేదు. రాష్ట్రపతి పరిశీలనకు పెట్టారంటే అది ఇంకో సంగతి. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును ‘తిరస్కరించింది’ అని చదివి మా వీధిలో ఎంత టెన్షన్ పడ్డామో! నిజానికి 3వ అధికరణ కింద అసెంబ్లీని అడిగింది అభిప్రాయం మాత్రమే, ఆపే అధికారం దానికి లేదు. ఆ ఒక్క మాట సరిగ్గా రాసుంటే ఆ రాత్రి అందరం నిద్రపోయేవాళ్లం.

నల్లగొండ నుంచి: ఇదంతా పెద్దబాపుకు చదివి వినిపించా. ఏప్రిల్ తర్వాత మళ్లీ పోయి దరఖాస్తు ఇచ్చొచ్చాడులే. పాస్‌బుక్కులోని ఆ పేపరు ముక్క తీసి, ‘చట్టం’ అన్న మాట కొట్టేసి పైన పెన్నుతో ‘బిల్లు’ అని రాయించుకున్నాడు.