సముద్ర దోసకాయ లార్వాకు లైవ్ ఆల్గేనా, పేస్టా?

కాకినాడ, ఫిషరీస్ విద్యార్థి:
సముద్రపు ఇసుక అడుగున బతికే సముద్ర దోసకాయ అనే జంతువు (హోలోథూరియా స్కాబ్రా)పై సెమినార్ రాస్తున్నాను. దీని సీడ్‌ను (పిల్లలను) మన దేశంలో తొలిసారి 1988లో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు లైవ్ ఆల్గే (బతికున్న సూక్ష్మ నాచు) మేపి తీశారు. డబ్బాల్లో ఆల్గే పేస్టు దొరుకుతున్న ఈ రోజుల్లో కూడా ఏసీ గది, ఎరువులు, మనుషుల ఖర్చు భరించి ఆల్గే కల్చర్ (పెంపకం) నడపవలసిందేనా?

ఉప్పాడ, రొయ్యల హేచరీ టెక్నీషియన్:
నా ఉద్దేశంలో అవసరం లేదు. కీటోసెరాస్ అనే ఆల్గే కల్చర్ దెబ్బతిన్న రోజున వనామీ రొయ్య తొలి దశ లార్వా జోయియాను మేం పేస్టుతోనే గట్టెక్కిస్తాం. గోదావరి వరద నెలల్లో తీరంలో ఉప్పు శాతం పడిపోయినప్పుడు కల్చర్ నిలబెట్టడం ఎంత కష్టమో ఇక్కడ అందరికీ తెలుసు. ట్యాంకు నీరు గోధుమ రంగులో ఉంటే మేత సరిపోయినట్టే.

అంతర్వేది, ఆల్గే ల్యాబ్ నిర్వాహకుడు:
ఆ రంగు లెక్క ఇక్కడ ముంచుతుందండీ. జోయియా కాళ్లతో నీటిని వడకట్టుకుంటూ ఆగకుండా తింటుంది కనుక మిల్లీలీటరుకు లక్ష కణాలు వేసినా తట్టుకుంటుంది. సముద్ర దోసకాయ తొలి లార్వా ఆరిక్యులేరియాకు కాళ్లు లేవు, ఒంటి చుట్టూ ఉన్న సన్నని నూగు పట్టీ ఆడిస్తూ కణాలను నోటికి చేర్చుకుంటుంది. దానికి ఇరవై నుంచి నలభై వేల కణాలు చాలు, అంతకు మించితే మేత మిగిలి నీరు పాడవుతుంది. అంత పలచని మేతకు నీటికి రంగే సరిగా రాదు, కాబట్టి రంగు కోసం చూసేవారు తప్పకుండా ఎక్కువ వేస్తారు. పేస్టుతో అసలు చిక్కు గాలి దగ్గర వస్తుంది. ఐసోక్రైసిస్ అనే లైవ్ ఆల్గే తానే ఈదుతుంది, పేస్టులోని చచ్చిన కణాలు గడ్డకట్టి అడుగుకు దిగుతాయి. వాటిని తేల్చి ఉంచాలంటే గాలి గట్టిగా పెట్టాలి, ఆ ఊపుకు ఆరిక్యులేరియా చితికిపోతుంది. అడుగున కుళ్లిన మేత మీద ప్రోటోజోవా (ఏకకణ జీవులు) పెరుగుతుంది.

ఒక చుక్క స్లైడు మీద వేసి చూడండి. లార్వా అద్దంలా ఉంటుంది కనుక నిండిన పొట్ట బంగారు గోధుమ రంగులో స్పష్టంగా కనిపిస్తుంది. చివరి రోజుల్లో ఒంటి అంచుల్లో గాజుపూసల వంటి గుండ్రని నిల్వలు తేలాలి, ఎందుకంటే తర్వాతి డోలియోలేరియా దశ ఏమీ తినదు. ఆ పూసలు లేని బ్యాచ్‌పై ఆశ పెట్టుకోలేం.

ఉప్పాడ, రొయ్యల హేచరీ టెక్నీషియన్:
గాలి సంగతి ఒప్పుకుంటాను. కానీ డోలియోలేరియా తర్వాత వచ్చే పెంటాక్టులా దశలో పిల్లలు పట్టే పలకలకు ఎండు స్పైరులినా (ఆల్గే పొడి) పూస్తారు కదా, చచ్చిన మేత పనికిరాదని ఎలా అంటాం?

అంతర్వేది, ఆల్గే ల్యాబ్ నిర్వాహకుడు:
పలక మీద మేత కదలకుండా ఉండాలి, అక్కడ స్పైరులినా బాగానే పనిచేస్తుంది. నా అభ్యంతరం ఆరిక్యులేరియా ఈదే రోజుల వరకే. విద్యార్థి గారు ఒక మాట తప్పక రాయాలి. 2001లో సముద్ర దోసకాయలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి రక్షణ కల్పించారు, కాబట్టి ప్రైవేటు హేచరీలు ఇష్టం వచ్చినట్టు బ్రూడర్లను (గుడ్లు పెట్టించే పెద్ద జీవులను) తెచ్చి ఈ వాదన తేల్చుకోవడం కుదరదు.