కాకతీయ యూనివర్సిటీ (కేయూ) లైబ్రరీలో బయటి కాలేజీ ఎంఫార్మసీ వాళ్లను కూర్చోనిస్తారా?

అన్నలూ, అక్కలూ, కొంచెం సాయం కావాలి. నేను నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చి హనుమకొండ దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో ఎంఫార్మసీ చదువుతున్నాను. ప్రాజెక్టు నేలవేము ఆకు మీద, అందులోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం ఎంతుందో హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) కొలవాలి. మా లైబ్రరీలో ఫార్మాకోపియా (మందుల ప్రమాణాలు, పరీక్ష పద్ధతులు ఉండే పుస్తకం) పాత ఎడిషనే ఉంది, 2022 ఎడిషన్ అడిగితే రాలేదన్నారు.

పబ్‌మెడ్ సెంట్రల్ అనే సైట్‌లో ఉచితంగా దొరికిన పరిశోధన పేపర్లు చదివాను, మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌లో నేలవేము మీద ఉన్నవి కూడా చూశాను (మెథడ్ వివరంగా ఉండేది వాటిలోనే, కొత్తవాళ్లు తప్పకుండా చూడండి). కానీ నాకు బాగా అవసరమైన నాలుగు పేపర్లు డబ్బు కడితేనే తెరుచుకుంటాయి, ఒక్కోదానికి అడిగే రేటు మా ఇంట్లో నెల ఖర్చులో పెద్ద భాగం. జర్నల్స్ ఉచితంగా చదవనిచ్చేందుకు కేంద్రం 2025 జనవరిలో మొదలుపెట్టిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం ప్రభుత్వ సంస్థలకే, మా కాలేజీకి వర్తించదు.

అందుకే అడుగుతున్నా, కాకతీయ యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీలో బయటి విద్యార్థి మా ప్రిన్సిపాల్ లెటర్ తెస్తే రోజంతా కూర్చుని చదువుకోనిస్తారా? అక్కడి కంప్యూటర్లలో జర్నల్స్ తెరవనిస్తారా, లేక పుస్తకాల వరకేనా? ఎవరిని కలవాలి, ఆధార్ సరిపోతుందా, డిపాజిట్ ఏమైనా కట్టాలా? ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు చెబితే బాగుంటుంది. రచయితలకే మెయిల్ పెట్టి పేపర్ అడిగినవాళ్లు ఉంటే, ఏం రాశారో కూడా చెప్పండి. వచ్చే నెల సినాప్సిస్ (ప్రాజెక్టు ప్రణాళిక క్లుప్తంగా రాసింది) ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.