ముసురు పట్టాక జుట్టు విపరీతంగా రాలుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి. కార్తీకమాసం ముసురు మొదలైనప్పటి నుంచి దువ్వెన నిండా జుట్టే, బాత్రూమ్ జాలీ దగ్గర ఉండలు ఉండలుగా చేరుతోంది, చూస్తేనే టెన్షన్. నూనె మార్చాలా?

జవాబు: అక్కా, రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తడి తలకు జడ వేయొద్దు, ఈ ముసురులో సాయంత్రం దాకా ఆరదు. ఒంగోలు హాస్టల్లో నేను అలాగే జడేసుకుని కాలేజీకి పరిగెత్తేదాన్ని, చుండ్రు పట్టుకుంది, కీటోకోనజోల్ షాంపూ వాడాక తగ్గింది.

ఇంకో జవాబు: ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా అమ్మా? డెంగీ లాంటి జ్వరం తగ్గిన 2, 3 నెలలకు జుట్టు గుత్తులుగా ఊడుతుంది, మనమేమో వానను తిట్టుకుంటాం.

అడిగినవారు: అవునండీ, వినాయక చవితికి వారం రోజులు మంచం మీదే!

మళ్ళీ రెండో జవాబిచ్చినాయనే: అదే అయ్యుంటుంది, చాలావరకు మెల్లగా మళ్ళీ వస్తుంది. నూనెలకు డబ్బులు పోయకుండా డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష చేయించుకో.