నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లే, మరి వాల్వు తిప్పేదెవరు?

(అనంతపురం జిల్లా ఊళ్లవాళ్ల మాటలివి; ఎవరి మాటకు ముందు వాళ్ల ఊరి పేరు ఉంది.)

కల్యాణదుర్గం:
జల్‌ జీవన్ మిషన్ (ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం) ప్రకారం గ్రామ నీటి, పారిశుధ్య కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు, కనీసం సగం మంది మహిళలు. వాళ్ల సంతకాలు తీర్మానం పుస్తకం దాకే. ఏ వీధికి ఎంతసేపు వదలాలో వాటర్‌మ్యాన్ తేలుస్తాడు. మోటారు, వాల్వుల పని పొదుపు సంఘానికే ఇవ్వాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గుత్తి:
నేను కాదంటాను. అనంతపురంలో అసలు కొరత బోర్లది. 1,200 మంది ఊరికి తలకు 55 లీటర్ల లెక్కన రోజుకు 66,000 లీటర్లు కావాలి. నిమిషానికి 100 లీటర్లు పోసే బోరు 11 గంటలు ఆడాలి. మోటారు ఆడే త్రీఫేజ్ కరెంటు అంతసేపు లేకపోతే ఎవరు తిప్పినా చివరి వీధి ఎండాల్సిందే. అర్ధరాత్రి కరెంటొస్తే స్టార్టర్ దగ్గరికి ఎవరు పోవాల? లో ఓల్టేజీలో ఆడించి మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలితే నింద సంఘం మీద పడుతుంది.

ఉరవకొండ:
అన్నా, మీ లెక్క సరే. నీళ్లు చాలనప్పుడే కదా పంపకం ముఖ్యం! మిట్టమీది చివరి కొళాయి కింద 15 లీటర్ల బిందె పెట్టి టైము చూడండి. 3 నిమిషాల్లో నిండితే నిమిషానికి 5 లీటర్లు. 10 నిమిషాలు పట్టిందంటే పల్లం వీధి గేట్ వాల్వు ఎక్కువ తెరిచినారేమో, లేదా ఎవరో కొళాయికి మోటారు తగిలించినారేమో చూడాలి. వాల్వు పూర్తిగా మూసి, ఎన్ని చుట్లు తెరిస్తే చివరి కొళాయికి నీళ్లు అందుతాయో చూసి, ఆ అంకె వాల్వు గుంత మూతమీద పెయింటుతో రాయాలి. ఆ తర్వాత ఎవరు తిప్పినా ఒకటే.

క్లోరిన్ కూడా అంతే. 40,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాములంటే 80 గ్రాముల క్లోరిన్. బ్లీచింగ్‌లో 25 శాతం బలముంటే 320 గ్రాముల పొడి. ముద్దగా కలిపి, బకెట్ నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగినాక పైతేటే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వదిలితే చివరి కొళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినన్నా మిగలాలి. మిగలకపోతే చాలాసార్లు తప్పు బ్లీచింగ్ మూటదే, మూతి కట్టకుండా వదిలేస్తే బలం పోతుంది. ఇలాంటి నీటి పరీక్షలకు ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. కానీ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందని వాళ్లు రాసినా, ఆ బోరు నీళ్లు తాగడానికి ఆపమనే అధికారం లేదు. క్లోరిన్ వేసినా, కాచినా ఫ్లోరైడ్ పోదు.

తాడిపత్రి:
అక్కా, జీతం మాటేది? ఉచితంగా చేయమంటే నేను గుత్తి అన్న వైపే. కాలువ, చెరువు నీటి సంఘాల్లో 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ప్రకారం సభ్యత్వం పొలాన్ని బట్టి వస్తుంది. పట్టా భర్త పేరున ఉంటే నాట్లు, కలుపు ఆమెవి, ఓటు అతనిది. తాగునీటిలోనూ అదే జరగకూడదు. నెల జీతం తీర్మానంలో రాయాలి. మోటారు రిపేరు పంచాయతీ భరించాలి. నీటి ఖాతా చెక్కుమీద సంఘం సంతకం ఉండాలి.

గుత్తి:
చెక్కు సంతకం వాళ్లదైతే ఒప్పుకుంటా. రాత్రి పనికి, కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆడించే ఆటో స్టార్టర్ పెట్టండి. దానితోపాటు బోరులో నీళ్లు లేకుంటే మోటారు ఆపేసే డ్రైరన్ రక్షణ తప్పనిసరి. లేకుంటే వేసవిలో నీళ్లు దిగిపోయినాక మోటారు ఉత్తగా తిరిగి కాలుతుంది.